విత్తనం కుప్ప మీద ఐదు వేళ్ళు

మా అత్తంటే నాకు ఇష్టం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత దాపరికాలు ఉండవు. ఆమెకూ నేనంటే ఇష్టం లేదు. ఇరవై రెండేళ్ళుగా ఒకే పొయ్యి మీద వండింది తింటున్నాం, ఒకే గడప దాటుతున్నాం, జ్వరమొస్తే ఒకరికొకరం కషాయం కాచి ఇస్తున్నాం. అయినా ఇష్టం లేదు. చీరల దగ్గరో నగల దగ్గరో వచ్చిన గొడవైతే ఎప్పుడో సద్దుమణిగి ఉండేది. మాది పసుపు విత్తనం దగ్గర వచ్చింది.

నా పుట్టిల్లు పెద్దముడియం పక్కన. నల్లరేగడి నేల, వానను నమ్ముకుని వేసే శనగ తప్ప నాకు ఇంకో పంట తెలియదు. పెళ్ళయి దువ్వూరు పక్కనున్న ఈ పల్లెకు వచ్చాక కాలవ కింద సేద్యం చూశాను. పసుపు చూశాను. పసుపంటే అంతవరకూ నాకు డబ్బాలో ఉండే పొడి.

మా నాయన శనగ మూటలు ఇంట్లోనే నిలవ పెట్టేవాడు. వారానికోసారి మూట మూతి విప్పి, చెయ్యి మోచేతి దాకా లోపలికి దూర్చి, కళ్ళు మూసుకుని కాసేపు అట్లే నిలబడేవాడు. లోపల వెచ్చగా తగిలిందంటే ఆ పూటే మూట కిందికి గుమ్మరించి ఆరబెట్టాల్సిందే. అన్నం ముందు పెట్టుకుని ఉన్నా లేచిపోయేవాడు. నాకు పదేళ్ళు వచ్చేసరికి ఆ పని నాకు అప్పజెప్పాడు. గింజకు ఎంత వేడి సహజమో, ఏ వేడి చెడుపుకు గుర్తో నా చేతికి తెలుసు. ముక్కుకు కూడా తెలుసు. అత్తగారింటికి నేను తెచ్చుకున్న చదువు అదే. ఆ చదువు ఇక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఇక్కడ విత్తనం మా అత్త చేతి పని. శివరాత్రి దాటాక పసుపు తవ్వుతారు. ఎక్కువ భాగం ఉడకబెట్టి, కళ్ళంలో ఎండబెట్టి, మెరుగు పట్టించి అమ్మేస్తారు. కొంత పచ్చిగానే విత్తనానికి ఆపుకుంటారు. ఆ పచ్చి దుంపలు మృగశిర కార్తె దాకా, ఎండలు మండిపోయే ఆ మూడు నెలలూ చెడకుండా బతకాలి. ఇంటి వెనక కొట్టంలో ఇసుక పరిచి, గోడ వారగా దుంపలు గుట్టగా పోసి, పసుపు ఆకు దట్టంగా కప్పి, పైన పేడా మట్టీ కలిపి మెత్తేస్తారు. గాలి ఆడడానికి పక్కన చిన్న బొక్క వదులుతారు. అంతా అయ్యాక మా అత్త చెయ్యి కడుక్కుని వచ్చి, కుప్ప నెత్తిన తడి మట్టిలో కుడి అరచెయ్యి గట్టిగా అదిమి తీస్తుంది. ఐదు వేళ్ళూ అచ్చు పడతాయి. ఇంక కార్తె వచ్చేదాకా ఆ కుప్పను ఎవరూ కదపకూడదు. ఆ అచ్చు తాళం కంటే గట్టిది. తాళానికైనా మారుతాళం చేయించుకోవచ్చు.

రెండు నియమాలు ఉన్నాయి ఆమెకు. మొదటిది, విత్తనం పొలం నాలుగు మూలల నుంచీ తీయాలి. ఏ మూలా వదలకూడదు, వదిలితే ఆ మూల అలుగుతుంది. రెండోది, పసుపుకు ముట్టు తగలకూడదు. బయట ఉన్న ఆడది, అంటే ఆ మూడు రోజుల్లో ఉన్నది, పసుపు చేలో కాలు పెట్టకూడదు, విత్తనం వైపు చూడకూడదు, కుప్ప మీద నీడ పడనీయకూడదు. ఈ నమ్మకం మా ఇంట్లోనే కాదు, చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఉంది.

అయితే పసుపు తవ్వడానికి కూలికి వచ్చే ఆడవాళ్ళు పాతిక మంది ఉంటారు. వాళ్ళలో ఎవరు బయట ఉన్నారో మా అత్త ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. అడిగితే తవ్వేవాళ్ళు మిగలరు. వాళ్ళ చేతులతో తవ్వించి, వాళ్ళ చేతులతో మట్టి దులిపించి, వాళ్ళ గంపల్లో ఇంటికి మోయించి, కొట్టం గడప దగ్గరికి వచ్చేసరికి ఆమెకు మడి గుర్తొస్తుంది. ముట్టు కోడలికే ఉంటుందన్నమాట. పెళ్ళయిన రెండో ఏడు ఈ మాట పైకి అన్నాను. వారం రోజులు నాతో పలకలేదు. ఆ వారం హాయిగా గడిచింది.

బయట ఉన్నప్పుడు నాకు కేటాయించిన చోటు కొట్టం వెనక. గోడకు రేకు వాల్చి, కింద ఒక నులక మంచం వేశారు. గోడకు అవతల విత్తనం కుప్ప, ఇవతల నేను. కుప్పకు దూరంగా ఉంచాల్సిన మనిషిని తీసుకొచ్చి కుప్పకు జానెడు దూరంలో కూర్చోబెట్టారని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మధ్యలో గోడ ఉంది కదా, గోడ చాలు వాళ్ళకు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక ఏడు వానలు ఆలస్యంగా వచ్చి ఒక్కసారిగా పడ్డాయి. మా కింది కయ్యలో కాలవ వైపు మూల నీళ్ళు నిలిచిపోయాయి. నీళ్ళు దిగాక ఆ మూల పసుపు ఆకులు అంచుల నుంచి పండిపోవడం మొదలుపెట్టాయి. మొక్కను పట్టుకుని కొంచెం లాగితే చాలు, కాండం చేతికి ఊడి వచ్చేది. మొదలు మెత్తబడి, వాసన వేసేది. దుంపకుళ్ళు. మా ఇంటాయన ప్రొద్దుటూరు పోయి మందు తెచ్చి మొదళ్ళలో పోశాడు. కొంత ఆగింది, కొంత ఆగలేదు. మండలం నుంచి వచ్చిన అగ్రికల్చర్ ఆఫీసరు పొలం చూసి, ఆ మూల దుంప పైకి బాగున్నట్లు కనపడినా విత్తనానికి పెట్టొద్దని, తెగులు లోపల దాక్కుని ఉంటుందని చెప్పి పోయాడు. నేను గట్టు మీద నిలబడి విన్నాను. మా ఇంటాయన కూడా విన్నాడు. మా అత్త వినలేదు, ఎందుకంటే ఆమె వినాలనుకోలేదు.

తవ్విన రోజు ఆ మూల దుంపలు వేరే గంపలో పోయించాను. ఒకటి విరిచి చూపించాను. లోపల పసుపు రంగు ఉండాల్సిన చోట గోధుమ రంగు చార ఉంది.

“ఇవి విత్తనంలో కలపొద్దు అత్తా. కుప్పంతా చెడతాది.”

“నీకేం తెలుసు మే పసుపు గురించి. శనగలోళ్ళ బిడ్డవు. చెడినయ్ పారెయ్, మంచియ్ ఏరి ఎయ్యి. నాలుగు మూలలా తీసేది మా అత్త కాలం నుంచి ఉండేదే.”

“ఆఫీసరు చెప్పినాడు గదా.”

“ఆఫీసరు వచ్చి నాటుతాడా?”

మా ఇంటాయన వైపు చూశాను. ఆయన ట్రాక్టరు టైరు వైపు చూశాడు. మా ఇంట్లో తల్లికీ పెళ్ళానికీ మాట వచ్చినప్పుడల్లా ఆయనకు ఏదో ఒక టైరులో గాలి తగ్గుతుంది. ఆ గంపలో బాగున్నట్లు కనపడినవన్నీ కుప్పలోకి పోయాయి. మట్టి మెత్తారు. మా అత్త అరచెయ్యి అదిమింది.

తర్వాత నెలన్నరకు నేను బయట చేరాను. రెండో రోజు మధ్యాహ్నం మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాను. వీపుకు వెచ్చగా తగిలింది. ఎండాకాలం గోడ వెచ్చగా ఉండక ఏముంటుంది అనుకోవచ్చు. కానీ అది ఉత్తరం గోడ, పైన రేకు నీడ, పొద్దస్తమానం ఎండ తగలని చోటు. లేచి అరచెయ్యి పెట్టి చూశాను. గోడ అటు చివరా ఇటు చివరా చల్లగా ఉంది, కుప్ప ఉన్న చోట మాత్రమే వేడి. గోడలో ఉన్న గాలి కంత దగ్గర ముక్కు పెట్టాను. పచ్చి పసుపు వాసన ఘాటుగా, శుభ్రంగా ఉంటుంది. ఇది పుల్లగా, కుళ్ళిన ఆలుగడ్డ వాసన. మా నాయన అయితే అన్నం వదిలి లేచేవాడు.

లేచి నిలబడి దూరం నుంచే కేక వేశాను. మా అత్త పెరట్లోకి వచ్చి, చెట్టు నీడ దాటకుండా ఆగింది.

“కుప్ప కుళ్ళుతాండాది అత్తా. గోడ కాలుతాండాది. ఈ పొద్దే తీయాల.”

“పందికొక్కు చచ్చింటాది.”

“పందికొక్కు కాదు. నాకు తెలుసు.”

“నువ్వు ఆడ కూర్చోని ఆ మాట అనొద్దు. నీ నోటి మాట కూడా తగుల్తాది దానికి.”

అని లోపలికి పోయింది. సాయంత్రం మా ఇంటాయన వస్తే ఆయనకూ చెప్పాను. అమ్మను అడుగుదాం అన్నాడు. అడిగాడు కూడా, పాపం. కార్తె రాకుండా మట్టి పగలగొడితే విత్తనం మొలవదని ఆమె చెప్పిందట. నాతో ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఏదో పెద్ద పని ముగించిన తృప్తి కనిపించింది. ఆ ముఖం చూస్తే నాకు చెంబు విసరాలనిపించింది.

ఆ ఏడు విత్తనం పోతే మళ్ళీ కొనాలి. కొన్న విత్తనం ఎక్కడిదో, ఏ చేలో పండిందో, ఏ తెగులు మోసుకొస్తుందో తెలియదు. ఇంటి విత్తనం ఒకసారి పోతే పోయినట్లే. నాలుగో రోజు తలకు పోసుకుని లోపలికి పోయి మాట్లాడదామంటే ఇంకా రెండు రోజులు. కుళ్ళు రెండు రోజులు ఊరికే ఉండదు. పోనీ నేనే పోయి పగలగొడదామా అంటే, ఆ స్థితిలో కావాలనే చేశానని నన్ను పుట్టింటికి పంపేవాళ్ళు. అప్పటికి నా కూతురికి ఏడేళ్ళు. నాకు అంత ధైర్యం లేదు.

అప్పుడు నాకు ఒకటి గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడు వీధి చివరి ఇంట్లో ఒక కోడలు బయట ఉండి తెలియక విత్తనం కుప్పకు ఆనుకుంది. ముట్టు తగిలిన కుప్పను అట్లే ఉంచకూడదట. మట్టి పగలగొట్టి, దుంపలన్నీ పరిచి, గోమూత్రం చల్లి, సాంబ్రాణి పొగ వేసి, ఆరాక మళ్ళీ పోసి కప్పాలట. కార్తె గీర్తె అప్పుడు అడ్డం రావు. ఆ ఇంటికి పోయి దగ్గరుండి అదంతా చేయించింది మా అత్తే.

మరుసటి రోజు పొద్దున్నే మా అత్త పెరడు చిమ్ముతుంటే మంచం దగ్గర నుంచే చెప్పాను.

“అత్తా, నేను కుప్ప ముట్టుకున్నా.”

చీపురు ఆగింది.

“ఎప్పుడు?”

“నిన్న సందకాడ. కొట్టంలో చెంబు కోసం పోయినా. కాలు జారింది. పడబోయి కుప్ప నెత్తిన చెయ్యి పెట్టి నిలదొక్కుకున్నా.”

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చీపురు గోడకు ఆనించి, కొట్టం తలుపు తీసుకుని ఒక్కతే లోపలికి పోయింది. కాసేపటికి బయటికి వచ్చి, కొడుకును పిలిచి “కుప్ప తీయించు” అంది. అంతే. ఆ నిమిషం నేను గెలిచాననే అనుకున్నాను.

కుప్ప తీశారు. నేను గోడకు ఇవతల మంచం మీద ఉన్నాను కాబట్టి చూడలేదు, వాసన మాత్రం వీధి దాకా పోయింది. నడుమ భాగమంతా ముద్దయిపోయి, పురుగు పట్టి ఉందని కూలివాళ్ళు చెప్పుకోవడం విన్నాను. మూడో వంతు పారబోశారు. మిగిలినవి ఏరి, మా ఇంటాయన తెచ్చిన తెగులు మందు నీళ్ళలో ముంచి, నీడలో ఆరబెట్టి, మళ్ళీ పోశారు. గోమూత్రం కూడా చల్లారు లెండి. ఏది పనిచేసిందో తెలుసుకునే అవసరం ఎవరికీ రాలేదు. ఆ విత్తనం నాటారు. బాగా మొలిచింది.

ఊళ్ళో మాత్రం వేరే మాట మొలిచింది. నేను ముట్టుకోవడం వల్ల కుప్ప కుళ్ళిందన్నారు. సాయంత్రం ముట్టుకుంటే తెల్లారేసరికి అంత విత్తనం ఎట్లా ముద్దవుతుందని ఒక్కరూ ఆలోచించలేదు. మా అత్త ఎవరికీ పనిగట్టుకుని చెప్పలేదు, అడిగిన వాళ్ళకు కాదని కూడా చెప్పలేదు. “ఏం జేస్తాం, తగలకూడనిది తగిల్యా” అని నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ తర్వాత విత్తనం ఏరేటప్పుడు నన్ను పిలవలేదు. నాటే రోజు నేను గట్టు మీద అన్నం క్యారియర్ల దగ్గర కూర్చునేదాన్ని. జమ్మలమడుగులో చుట్టాల పెళ్ళికి పోతే, పసుపు దంచేటప్పుడు ముత్తైదువలందరూ తలా ఒక పోటు వేస్తున్నారు. నా వంతు వచ్చేసరికి మా అత్త వరసకు చెల్లెలయ్యే ఆమె రోకలి నా చేతికి ఇవ్వకుండా నా పక్కనున్న ఆమెకు ఇచ్చింది. మా అత్త అక్కడే ఉంది. ఒక్క మాట అనలేదు. చాచిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియక కొప్పు సవరించుకున్నాను. పక్కనే ఉన్న నా కూతురు “మా, నువ్వు ఎందుకు దంచలే?” అని అడిగింది. చెయ్యి నొస్తాందని చెప్పాను.

మా ఇంటాయనకు నిజం చెప్పాను. అది అబద్ధమని, నేను కుప్ప దరిదాపుల్లోకి పోలేదని. ఆయన విన్నాడు. “సరేలే, ఇప్పుడు ఎందుకు ఆ మాటలు. విత్తనం దక్కింది గదా” అన్నాడు. దక్కింది. నిజమే. నా పేరు పోయింది, అది ఆయన విత్తనాల లెక్కలోకి రాదు.

మూడేళ్ళ కిందట ప్రొద్దుటూరులో ఆపరేషన్ చేసి నా గర్భసంచి తీసేశారు. ఇంక ముట్టు లేదు కాబట్టి విత్తనం దగ్గరికి రానిస్తారనుకున్నాను, ఇంటికి వచ్చాక నవ్వుతూనే అడిగాను. “నీ చెయ్యి మంచిది కాదులే మే” అంది మా అత్త. ముట్టు పోయినా చెయ్యి మిగిలింది. ఆ మధ్య ఏళ్ళన్నీ వానలు తక్కువ కావడంతో ఆ మూల నీళ్ళు నిలవలేదు, కుప్పా చెడలేదు. దానికి కూడా కారణం నేను దూరంగా ఉండడమేనని చెప్పుకున్నారు.

పోయిన ఏడు మళ్ళీ వానలు బాగా పడ్డాయి. అదే కయ్య, అదే మూల, అవే పండిన ఆకులు. నేను నోరెత్తలేదు. నోరెత్తి నేను బాగుపడింది ఏముంది. నాలుగు మూలల విత్తనమూ కుప్పలోకి పోయింది. మా అత్తకు డెబ్బై దాటాయి, మట్టి మెత్తడానికి వంగలేక ఒక కూలామె చేత మెత్తించింది. అరచెయ్యి మాత్రం తనే పెట్టింది.

నా కూతురు పులివెందులలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఎండాకాలం సెలవులకు వచ్చింది. వచ్చిన వారానికి బయట చేరింది. కొట్టం వెనక మంచం వేసి ఇచ్చింది ఎవరో కాదు, నేనే. ఇంట్లో గొడవ ఎందుకని, మూడు రోజులే కదా అని, దుప్పటి పరిచి, ఫోను చార్జర్ వైరు కిటికీ గుండా లాగి మరీ ఇచ్చాను. ఈ పని నేను చేశానని రాయడానికి సిగ్గుగా ఉంది. మా అత్తను తిట్టుకోవడానికి ఇరవై రెండేళ్ళు ఓపిక ఉన్న నాకు, కూతురిని లోపల పడుకోమని చెప్పడానికి నోరు రాలేదు.

రెండో రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు నేను వంటింట్లో శనగలు చెరుగుతున్నాను. మా అత్త వచ్చి పీట లాక్కుని కూర్చుంది. ఆమె నా దగ్గర కూర్చోవడమే వింత.

“కుప్ప కాడ వాసన వస్తాండాది” అంది.

నేను చేట ఆపలేదు.

“అయితే తీయించు.”

“కార్తె ఇంకా శానా దూరముండాది. ఊరికే ఎట్ల తీసేది. అందరూ ఏమనుకుంటారు.”

“ఏమనుకుంటారు?”

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత చాలా మామూలుగా, ఉప్పు అందించమన్నట్లు చెప్పింది.

“ముట్టుకున్నా అని చెప్పు. ఆ తూరి చెప్పినట్లే.”

ఈసారి చేట ఆపాను.

“ఆ తూరి చెప్పినట్లే అంటే ఏంది అత్తా? నీకు తెలుసా?”

“తెలియక. కాలు జారి కుప్ప నెత్తిన చెయ్యి పెట్టినా అంటివి. నేను పోయి చూస్తే నా ఐదు వేళ్ళూ పెట్టింది పెట్టినట్లే ఉండాయి. ఎండిన మట్టి, మనిషి బరువు పడితే పగలదా? నాకు కండ్లు లేవా?”

“మరి ఎందుకు తీయిస్తివి?”

“వాసన నాకూ వచ్చినాది గదా అప్పటికే.”

అప్పుడు తెలిసింది నాకు. నా అబద్ధం ఆమె ఆ నిమిషంలోనే పట్టుకుంది. పట్టుకుని, అవసరానికి వాడుకుని, తప్పు నా మీదే ఉంచేసింది. ఆమె నాలుగు మూలల నియమానికి మచ్చ రాలేదు, ఆమె అరచేతికి చెడ్డపేరు రాలేదు. తొమ్మిదేళ్ళు. రోకలి నా చేతికి ఇవ్వని రోజున ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఇన్నాళ్ళూ ఆమె తెలియక నమ్ముతోందని, మూఢత్వమని, దానికి ఏం చేస్తామని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆ కాస్త సర్దుబాటు కూడా ఆ పొద్దున పోయింది. నాకు కోపం వచ్చింది.

“నాకిప్పుడు ముట్టు లేదు గదా అత్తా. ఎవురు నమ్ముతారు?” అన్నాను.

దానికి ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. గోడ వైపు, గోడకు అవతల ఉన్న నా కూతురి వైపు గడ్డం ఎత్తి చూపించింది.

“పాప ఉండాది గదా. ఒక్క మాట చెప్తే ఏం పోతాది దానికి. చిన్నపిల్ల, ఎవురూ ఏమనరు. నువ్వు నేర్పు.”

లేచాను. శనగలు పక్కన పెట్టానో, ఒలికాయో గుర్తులేదు. వసారాలో గోడకు ఆనించిన పార తీసుకున్నాను. కళ్ళంలో నలుగురు కూలి ఆడవాళ్ళు ఎండిన పసుపు తిరగేస్తున్నారు, తల ఎత్తి చూశారు. కొట్టం తలుపు కాలితో తోశాను. కుప్ప నెత్తిన ఆమె అరచెయ్యి ఉంది, బొటనవేలు కొంచెం వంకర. సరిగ్గా దాని నడిమధ్యన పార దించాను. మట్టి పెళ్ళలుగా లేచింది. రెండో పోటుకు ఆకు చిరిగింది, వాసన ముఖానికి కొట్టింది. చెయ్యి లోపలికి మోచేతి దాకా దూర్చాను. వెచ్చగా, మెత్తగా తగిలింది.

బండి చప్పుడయింది. మా ఇంటాయన పరిగెత్తుకుంటూ వచ్చి తలుపు దగ్గర ఆగాడు. వెనకే కూలివాళ్ళు. వాళ్ళ వెనక మా అత్త.

“ఏంది మే ఇది? ఎవురు ముట్టుకున్న్యారు?” అన్నాడు.

“ఎవురూ ముట్టుకోలే. కుళ్ళింది. ఆ మూల దుంప పెట్టినందుకు కుళ్ళింది.” చెయ్యి బయటికి తీసి అందరికీ కనపడేట్లు పట్టుకున్నాను. “ఆ తూరి కూడా ఎవురూ ముట్టుకోలే. నేను అబద్ధం చెప్పినా. అది అబద్ధమని మీ అమ్మకు ఆ పొద్దే తెలుసు. అడుగు, ఈడనే ఉండాది.”

ఆయన తల్లి వైపు తిరిగాడు. చుట్టూ చూసుకున్నాడు కూడా, టైరు ఏదీ కనపడలేదు. కూలివాళ్ళలో పెద్దామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అత్త అవునని అనలేదు, కాదని కూడా అనలేదు. “కుళ్ళింది ఏరండి ముందు. నిలబడి చూస్తాంటే ఏమొస్తాది” అంది. ఆమె నోటి నుంచి ఒప్పుకోలు అంతకంటే రాదు. నాకు అది చాలలేదు, ఇప్పటికీ చాలదు.

గోడ మీద అరచేత్తో కొట్టి నా కూతురిని పిలిచాను. ఆ పిల్ల చుట్టూ తిరిగి వచ్చి, అంతమందిని చూసి గడప బయటే ఆగిపోయింది.

“నేను రావొచ్చునా మా?”

“రా. బాగుండేటివి ఆ పట్ట మీద ఎయ్యి. మెత్తగా ఉండేటివి గంపలో.”

గడప పక్కనున్న మా అత్త, పిల్ల తగలకుండా చీర కుచ్చెళ్ళు దగ్గరికి లాక్కుంది. లాక్కోనీ అనుకున్నాను. పిల్ల లోపలికి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. మొదటి దుంప విరిచి చూస్తే లోపల గోధుమ రంగు. గంపలో వేసింది. కూలి ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. మా ఇంటాయనను మందుకు పంపాను, ఈసారి ఎవరినీ అడగకుండా పోయాడు.

సాయంత్రానికి సగం దక్కింది. మందు నీళ్ళలో ముంచి, కొట్టం నీడలో రెండు రోజులు ఆరబెట్టాం. కుప్ప మళ్ళీ పోసేటప్పుడు గోడకు దూరంగా, ఎత్తు తక్కువగా పోయించాను. ఆకు కప్పాం. మట్టి పలచగా మెత్తాం. ఆ రెండు రోజులూ మా అత్త తన గదిలోనే అన్నం తింది, మట్టి మెత్తేటప్పుడు కూడా బయటికి రాలేదు. నేను పిలవలేదు.

అంతా అయ్యాక నా కూతురు తడి మట్టి వైపు చూసి, చెయ్యి చాచి, వేళ్ళు విప్పింది.

“మా, జేజి పెట్టినట్ల నేను పెడ్తా.”

“వద్దు” అన్నాను. “వారానికోసారి తీసి చూడాల.”